స్టేషను కింద సైకిళ్ళ దారి

పిల్లలూ! హాలండు దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, ఐ అనే పెద్ద నీటి ఒడ్డున ఒక రైలు స్టేషను ఉన్నది. దాని ముందు నిలబడితే మీకు కళ్ళు తిరుగుతాయి. ఎదుట ట్రాములు, నేల కింద మెట్రో రైళ్ళు, వెనక బస్సులు, ఆ వెనక నీటిమీద బల్లకట్లు! వీటి నడుమ వేలకొద్దీ సైకిళ్ళు. బడిపిల్లలూ, ముసలివాళ్ళూ, ముందున్న పెట్టెలో బిడ్డలను కూర్చోబెట్టుకుని తొక్కే తల్లులూ - అందరూ సైకిళ్ళమీదనే.

చిక్కంతా స్టేషనుతోనే వచ్చింది. నీటిలో మట్టి పోసి దీవులు చేసి, 8,687 కొయ్య గుంజలు దిగేసి, వాటిమీద దీన్ని కట్టి 1889లో తెరిచారు. అది ఊరికీ నీటికీ మధ్య గోడలాగా అడ్డం నిలిచింది. అవతలి ఒడ్డున కూడా ఊరు పెరిగింది. అక్కడ వంతెన లేదు గనక సైకిలువాళ్ళకు బల్లకట్టే గతి. మనిషికీ సైకిలుకూ కూడా కానీ పుచ్చుకోరు. కాని బల్లకట్టు చేరాలంటే స్టేషను చుట్టూ తిరిగి, కార్ల మధ్యగా పోవలసి వచ్చేది.

ఇదేమంత పెద్ద సంగతి అనుకునేరు! 1971లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాలలో 3,000 మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా మీవంటి పిల్లలే. కూతురిని పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత 1972లో, "పిల్లల హత్య ఆపండి" అన్న పేరుతో వ్యాసం రాశాడు. తల్లిదండ్రులు వీధులకెక్కారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పేటలో పిల్లలే తమ వీధికి అడ్డుకట్టి, కార్లు రానివ్వమన్నారు. సైకిళ్ళకు వేరే దారులు వేయడం అప్పటినుంచే ఊపందుకున్నది.

సరే, 2015లో స్టేషను కిందుగా ఒక సొరంగం తెరిచారు. పొడవు 110 మీటర్లు, వెడల్పు 10, ఎత్తు 3. సగం సైకిళ్ళకు, సగం నడిచేవాళ్ళకు. నడిచేవాళ్ళ దారి కొంచెం ఎత్తుగా ఉంటుంది. నాకు బాగా నచ్చినది గోడల సంగతి. నడిచేవాళ్ళ పక్క గోడకు దాదాపు 80,000 పలకలు అతికించి, నీలి రంగులో ఓడలూ, చేపల పడవలూ చిత్రించారు. సైకిళ్ళ పక్క మాత్రం నల్లటి తారు, ఇనుప జాలీ. చూడడానికి ఏమీ లేదు. అంటే, బొమ్మలు చూస్తూ ఆగిపోయేవాడు తన దారిలోనే ఆగుతాడు, సైకిలుకు అడ్డం రాడన్నమాట!

సొరంగం దాటితే ఇంకో వింత. అక్కడ నేలమీద గీతలే లేవు. కార్ల రోడ్డును అదే ఏడు నేల కిందికి దించేశారు. పైన మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, నెమ్మదిగా తప్పుకుపోతారు. కార్లు లేవు గనక సాగుతున్నది కాని, అన్నిచోట్లా ఇది పనికివస్తుందని నేననుకోను.

మరి రైలెక్కేవాళ్ళు సైకిలెక్కడ పెడతారు? నీటి కింద! స్టేషను ఎదుట నీళ్ళు తోడేసి, అడుగున గది కట్టి, మళ్ళీ నీళ్ళు వదిలారు. 2023లో తెరిచిన ఆ గదిలో 7,000 సైకిళ్ళు పడతాయి. బల్లకట్టు ఎక్కేవాళ్ళకు ఆ పని కూడా లేదు. సైకిలు పట్టుకునే నిలబడి, కొద్ది నిమిషాలలో అవతలి ఒడ్డున దిగి, తొక్కుకుంటూ పోతారు.