కొత్తపల్లి వారి అమ్మాయి

"అమ్మా! మా ఇంటావిడదీ నీ పుట్టింటి పేరేనే!" అంది మా అమ్మాయి ఫోనులో. అది చదువుకుంటున్నది ఇటలీలో, మిలాన్‌లో. అక్కడ కొత్తపల్లి వారెవరు చెప్మా అనుకున్నాను.

ఆవిడ ఇంటిపేరు నపొలితానోట. అంటే నేపుల్స్ వారని అర్థం. నేపుల్స్‌ను అక్కడివాళ్ళు నాపొలి అంటారు. 2,400 ఏళ్ళకు పైబడిన కాలంలో గ్రీకులు ఆ ఊరికి పెట్టుకున్న పేరు నెయాపొలిస్, అంటే కొత్త నగరం.

"వాళ్ళది నగరం, మీది పల్లె. అప్పుడే చుట్టరికం కలపకు" అన్నారు మావారు పేపరు చాటునుంచి.

"అయితే ఆవిడది నేపుల్సా?" అన్నాను.

"కాదమ్మా. నేపుల్స్‌లో అందరూ నేపుల్స్ వాళ్ళే కదా, ఒకణ్ణి ప్రత్యేకంగా అలా ఎందుకు పిలుస్తారు? ఊరు విడిచి వెళ్ళినవాణ్ణి వెళ్ళినచోట అలా పిలుస్తారు. జెనోవా నుంచి వచ్చినవాడు జెనోవేసే అయినట్టు. 1563లో చర్చి పెళ్ళిళ్ళకు రిజిస్టర్లు పెట్టమన్నాక అలాంటి పేర్లు పుస్తకాలకెక్కి స్థిరపడ్డాయి."

"మరి ఒకప్పటి అధ్యక్షుడు జార్జో నపొలితానో? ఆయన 1925లో నేపుల్స్‌లోనే పుట్టాడుగా?"

"పూర్వీకులెవరో వెళ్ళి, పేరుతో సహా తిరిగొచ్చి ఉంటారులే!"

నవ్వాను గాని, ఆ మాట మనసులో ఉండిపోయింది. ఊరు విడిచినవాడికి ఊరిపేరు దక్కింది. నాకు మాత్రం పుట్టినూరు విడిచిన రోజునే పేరూ పోయింది. పెళ్ళిపీటల మీంచి లేచేసరికి ఇంకో ఇంటిపేరు. ఆ ఇంటావిడకు పెళ్ళయి నలభై ఏళ్ళట. అయినా కాగితాల్లో ఇప్పటికీ నపొలితానోనే. 1975 చట్టం ప్రకారం అక్కడ భార్య భర్త ఇంటిపేరు తన పేరుకు చేర్చుకుంటుందిట గాని తనది పోగొట్టుకోదు.

అమ్మాయిని చూడ్డానికి వెళ్దామని మొన్న కాగితాలన్నీ తీశాను. పదో తరగతి సర్టిఫికెట్లో ఒకరు, ఆధార్‌లో ఇంకొకరు. ఇద్దరూ నేనేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించుకున్నాను. నన్ను నేనే అని చెప్పడానికి సాక్షులు కూడాను!

"నువ్వొస్తే మా ఇంటావిడకు ఏమని పరిచయం చెయ్యనమ్మా?" అంది అమ్మాయి.

"కొత్తపల్లి వారి అమ్మాయని చెప్పు" అన్నాను.

మావారు పేపరు దించి, "మరి నా సంగతి?" అన్నారు.

"కొత్తపల్లి వారి అల్లుడుగారని చెబుతుందిలెండి" అన్నాను.