పాఠ్యగ్రంథం వ్రాసిన చరిత్రకారుడు

పాఠ్యపుస్తకం వ్రాయడం పండితునికి తగని పని అనే భావం మన విశ్వవిద్యాలయాల్లో పాతుకుపోయింది. ఆ పనిని గైడ్లు వ్రాసేవారికి వదిలి, మనం పదిమంది పండితుల కోసం వ్రాసుకుంటున్నాం. ఈ భావానికి గట్టి సమాధానం రామ్ శరణ్ శర్మ గారి జీవితం.

1919లో బీహారులోని బరౌనీలో బీద కుటుంబంలో పుట్టారాయన. ఆరా, భాగల్పూరు కళాశాలల్లో పాఠాలు చెప్పి పాట్నా చేరారు. లండనులో బాషం గారి వద్ద చేసిన పరిశోధన 1958లో ప్రాచీన భారతంలోని శూద్రులను గురించిన గ్రంథంగా వెలువడింది. రాజవంశాల పట్టికలే చరిత్రగా చెలామణి అవుతున్న రోజుల్లో, పొలం దున్నినవాడెవడు, వాడి పంట ఎవరికి పోయిందని అడిగారాయన. 1965లో వచ్చిన భారత భూస్వామ్య వ్యవస్థ గ్రంథంలో దానశాసనాలను సాక్ష్యంగా నిలబెట్టారు.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాను, తెలుగు చెప్పేవాణ్ణి. అయినా శర్మగారిని చదివిన తరువాత నందంపూడి శాసనం నాకు కొత్తగా కనిపించింది. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు ఊరిని అగ్రహారమిచ్చాడు; శాసనం వ్రాసినవాడు నన్నయభట్టు. మనం తరగతిలో రాజు ఔదార్యమూ, కవుల మైత్రీ చెప్పి ఊరుకుంటాం. ఆనాటి నుంచి ఆ ఊరి రైతు పన్ను ఎవరికి కట్టాడు? ఈ ప్రశ్న వేసినంతమాత్రాన నన్నయ గొప్పతనం తరగదు. ఆ కవిత్వం ఏ నేలమీద నిలిచిందో తెలుస్తుంది.

ఇంతటి పండితుడు పదకొండవ తరగతి పిల్లల కోసం కూర్చుని 'ప్రాచీన భారతం' వ్రాశారు. 1977లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి దాన్ని ప్రచురించింది. కృష్ణుని చారిత్రకతను, భారత కథను ప్రశ్నించినందుకు కొందరు మండిపడ్డారు. 1978లో జనతా ప్రభుత్వకాలంలో ఆ పుస్తకాన్ని పాఠ్యప్రణాళిక నుంచి తొలగించారు. శర్మగారు తన పుస్తకాన్ని సమర్థిస్తూ మరో చిన్న పుస్తకం వ్రాశారు. 2001లో మళ్ళీ కత్తెర పడింది. ఆయన పుస్తకంతోపాటు మరికొందరి పుస్తకాల్లోనూ కొన్ని భాగాలు తీసివేశారు.

శర్మగారి సిద్ధాంతాలు శిలాక్షరాలేమీ కావు. భారతదేశంలో అసలు భూస్వామ్య వ్యవస్థ ఉన్నదా అని హర్బన్స్ ముఖియా 1979లో నిలదీశారు. దానిపై ఏళ్ళ తరబడి వాదం జరిగింది. ఆ వాదంతో చరిత్ర రచన బలపడింది. పుస్తకానికి పుస్తకంతో బదులు చెప్పడం వేరు. విద్యార్థి చేతిలోనుంచి పుస్తకం లాక్కోవడం వేరు.

పరిశోధన గ్రంథాన్ని ఎవరూ నిషేధించలేదు. నిషేధం పడింది పాఠ్యపుస్తకం మీద! దాని శక్తి ఎంతటిదో మనకన్న ప్రత్యర్థులకే బాగా తెలుసు. 2011లో కన్నుమూసిన శర్మగారు, ఎనభై దాటిన వయస్సులోనూ విద్యార్థుల కోసం ప్రాచీన చరిత్రను తిరిగి వ్రాశారు. ఎంతోమంది విద్యార్థులు జీవితంలో చదివే చరిత్ర గ్రంథం పాఠ్యపుస్తకమొక్కటే. దాన్ని వ్రాయడానికి మనలో ఎందరు సిద్ధంగా ఉన్నాం?