ఆపరేషన్‌కి ముందు ఒక నోటుపుస్తకం

పత్రికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడల్లా నేను వంటల గురించే రాశాను. ఈసారి రాసేదీ తిండి గురించే గానీ సంగతి వేరు. బరువు తగ్గడానికి వచ్చే నెలలో విశాఖపట్నంలో పొట్టకి ఆపరేషన్ చేయించుకోబోతున్నాను. ఈ మాట బయటపెట్టాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. బరంపురంలో తెలుగువాళ్ళం ఒకరి ఇంటి సంగతి ఇంకొకరికి తెలియకుండా ఉండదు కదా! ఎలాగూ తెలిసేదే, నా నోటితో తెలిస్తేనే మంచిదనిపించింది.

నా వయసు 46. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 106 కిలోలు. ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది, మోకాళ్ళ నొప్పులు సరేసరి. మొన్నటి ఠాకురాణి యాత్రలో ఒక రాత్రి అమ్మవారి ఘటాల వెంట నడుస్తూ, వీధి మలుపు కూడా దాటలేక ఎవరి అరుగు మీదో కూలబడ్డాను. మా అమ్మకి డెబ్భై దాటాయి. ఆవిడ ముందు నడిచి వెళ్ళిపోయి, నేను కనబడక వెతుక్కుంటూ వెనక్కి వచ్చింది. "ఏటే, ఏటయింది?" అంది. ఏమీ లేదన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్రయత్నించలేదని కాదు. పొద్దున్నే నడిచాను, అన్నం మానేశాను, తేనె నీళ్ళు తాగాను. ఒకసారి తొమ్మిది కిలోలు తగ్గాను, ఏడాది తిరిగేసరికి పదకొండు పెరిగాను. "నోరు కట్టుకోలేకపోయావా?" అని అడగనివారు లేరు. బరువు తగ్గినకొద్దీ శరీరమే ఆకలి పెంచి పాత బరువుకి లాక్కుపోతుందనీ, ఇది ఒక్క పట్టుదలకి లొంగే సంగతి కాదనీ డాక్టరుగారు చెప్పిన రోజు నాకు ఏడుపొచ్చింది. పదిహేనేళ్ళుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను మరి.

మొదట వెళ్ళిన చోట మాత్రం చేదు అనుభవమే ఎదురైంది. డాక్టరుని చూడకముందే ఒక అమ్మాయి కాగితం చేతిలో పెట్టి, ఈ నెలాఖరులోగా డబ్బు కడితే ఇంత తగ్గిస్తామంది. చీరల దుకాణంలో ఆషాఢం బేరంలా ఉందని మావారు లేచి వచ్చేశారు. దారిలో ఒక నోటుపుస్తకం కొనిచ్చి, "అడగవలసినవన్నీ ఇందులో రాసుకో. జవాబులు దొరికాకే ఆపరేషన్ మాట" అన్నారు.

మొదటి ప్రశ్న, అసలు నాకు ఆపరేషన్ అవసరమా అని. కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీ.ఎం.ఐ. అంటారు. నాది 43.6. షుగరు కూడా ఉంది కాబట్టి అవసరమే అన్నారు. 2025లో మన దేశంలోకి వచ్చిన వారం వారం వేసుకునే ఇంజక్షన్ల గురించి కూడా అడిగాను. వాటితోనూ చాలామంది బాగానే తగ్గుతారట. అయితే ఆపేస్తే చాలావరకు బరువు తిరిగి వస్తుందట. నా బరువుకి, నా షుగరుకి ఆపరేషనే మేలని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చెప్పారు. అందరికీ ఇదే మాట వర్తించదు సుమా.

రెండో ప్రశ్న, ఏ ఆపరేషన్ అని. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసి అరటికాయలాంటి గొట్టాన్ని మిగులుస్తారు. బైపాస్‌లో చిన్న సంచీలాంటి భాగం కట్టి, దాన్ని చిన్నపేగుకి కలుపుతారు. తెలిసినవాళ్ళంతా స్లీవే చేయించుకున్నారని నేనూ అదే అనుకున్నాను. ఎండోస్కోపీ చేస్తే హెర్నియా ఉందనీ, అందుకే ఇన్నేళ్ళుగా గుండెల్లో మంట అనీ తేలింది. స్లీవ్‌తో ఆ మంట ఎక్కువయ్యే అవకాశం ఉంది కనుక బైపాస్ చేద్దామన్నారు. ఈ పరీక్షలన్నీ బిల్లు పెంచడానికే అనుకున్న నేను నోరు మూసుకున్నాను. అప్పుడే ఇంకో మాట తెలిసింది. మోకాళ్ళకి నేను చీటికీ మాటికీ మింగే నొప్పి బిళ్ళలు బైపాస్ తరవాత పనికిరావట, అతుకు దగ్గర పుండు పడుతుందట. ముందే అడగబట్టి సరిపోయింది.

మూడోది డబ్బు. ఆ పని మావారు నెత్తికెత్తుకున్నారు. బీమా వాళ్ళ ప్రామాణిక నిబంధనలో బీ.ఎం.ఐ. 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులేని షుగరో గుండెజబ్బో నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బో ఉండాలి. ఆపరేషన్ లేకుండా తగ్గడానికి ప్రయత్నించి విఫలమయ్యామని కూడా చూపాలి. మంచం కింద ట్రంకుపెట్టెలోని పాత చీటీలు, షుగరు కాగితాలు అన్నీ పనికొచ్చాయి. మీలో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే ఒక్క చీటీ కూడా పారేయకండి. మీ పాలసీలో నిరీక్షణ కాలం ఎంతో కూడా చూసుకోండి.

ఇక నన్ను నిజంగా నిలదీసిన ప్రశ్న నోటుపుస్తకంలో లేదు. విశాఖలో ఆహార నిపుణురాలు, మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, "ఆంటీ, మీరు భోజనం ఎన్నింటికి చేస్తారు?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. అందరూ తిన్నాక తింటాను. ఏం తింటాను? మిగిలింది తింటాను. వారం రోజులు రాసుకు రమ్మంది. రాశాను. మూడింటికి గిన్నెలో మిగిలిన పప్పన్నం. అబ్బాయి వదిలేసిన అట్టుముక్క. రాత్రి పదింటికి పారేయడానికి మనసొప్పక కూర. వారం మొత్తం మీద ఆకలి వేసి తిన్నవి తొమ్మిదిసార్లే.

అప్పటినుంచి మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి అందరం కలిసి కూర్చుంటున్నాం. మిగిలింది ఫ్రిజ్‌లోకి పోతుంది, లేదా ఆవుకి. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. ఆపరేషన్ ఒక పూట పని, ఈ అలవాటు జీవితాంతం పని అని ఆ అమ్మాయి చెప్పింది. తరవాత రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు, నమిలి నమిలి తినడం, తింటూ నీళ్ళు తాగకపోవడం, విటమిన్ బిళ్ళలు, ఏటా రక్తపరీక్షలు. ఇవి మానేస్తే రక్తహీనత వస్తుంది, తీరు మారకపోతే బరువూ తిరిగొస్తుంది.

అమ్మకి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. "కోసుకుని చిక్కడమేటే?" అని తిడుతుందనుకున్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నా చేతి తిండి తినేనా నువ్విలా అయిపోయేవు?" అంది. కాదమ్మా అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

నాలుగు రోజుల తరవాత అటక మీదినుంచి నా చిన్ననాటి వెండి ఉగ్గుగిన్నె దింపి, చింతపండుతో తోమి తెచ్చింది. "మొదట్లో నీళ్ళు, చారుకట్టులేనట కదా. దీంతో తాగితే ఎంత తాగేవో తెలుస్తాది" అంది. మొదట ఒకసారికి 30 మిల్లీలీటర్లు చాలని ఆహార నిపుణురాలు చెప్పింది. కొలిచి పోస్తే గిన్నెలో సగానికి వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

భయం లేదని అనను. అనుభవం ఉన్నచోట ప్రాణాపాయం వెయ్యిమందిలో ఒకరి స్థాయిలోనే అన్నా, ఆ ఒకరు ఎవరో ముందు తెలియదు కదా. అతుకు కారితే మొదటి రోజుల్లోనే తెలుస్తుందట. జ్వరం, గుండెదడ, కడుపునొప్పి వస్తే వెంటనే రమ్మన్నారు. అందుకే రెండు వారాలు ఇచ్ఛాపురం ఇవతలికి రాకుండా విశాఖలో చెల్లెలి ఇంట్లోనే ఉంటాను. కాలేయం కుదించడానికి రెండు వారాల పత్యం వచ్చే సోమవారం మొదలు.

ఇది చదివి ఎవరినీ ఆపరేషన్‌కి పొమ్మనడం లేదు. ఒక నోటుపుస్తకం మాత్రం కొనుక్కోండి. ఈ వారం ఏం తిన్నారో, ఎందుకు తిన్నారో రాసి చూడండి. ఉగ్గుగిన్నె సంచీలో సర్దేశాను. మిగతా సంగతులు తిరిగొచ్చాక రాస్తాను.