అత్తమ్మ పెట్టిన మూడు షరతులు

"ఆ ఇంట్లోంచి బయటపడేదానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది. ఇప్పుడు లచ్చలు పోసి మళ్ళా ఆడికే పోతామంటా ఉండారా?"

ఊళ్ళో చేలో ఇల్లు కట్టుకుందామని మా ఆయన చెప్పిన రోజు అత్తమ్మ అన్న మాట ఇది. అని, ఒళ్ళోని చేట సర్దుకొని మళ్ళీ అనపకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. మా ఆయన, మా అబ్బాయి, నేను ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి. 2021 నవంబర్ వానలు తిరుపతిలో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోరు. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింది పల్లెలవాళ్ళు ఇళ్ళు వదిలి పోయారు. మా ఇంట్లో కరెంటు లేదు, మోటారు ఆడదు, మిద్దె మీది ట్యాంకు రెండో రోజుకే ఖాళీ. చుట్టూ నీళ్ళే, తాగడానికి చెంబుడు లేవు. గిన్నెల్లో వాననీళ్ళు పట్టి, పాత నూలు చీర ముక్కతో వడకట్టి, కాచుకొని తాగాం. ఆ రాత్రి మా ఆయన అన్నారు, "మన నీళ్ళు, మన కరెంటు మనమే చూసుకొనే ఇల్లొకటి కట్టుకోవాలి" అని.

స్థలానికి లోటు లేదు. మదనపల్లె దాటి బి.కొత్తకోట వైపు మామయ్య వదిలిపోయిన రెండెకరాలు ఉన్నాయి. ఎర్రమట్టి, పెద్ద పెద్ద గుండ్లు, సీతాఫలం పొదలు, దూరంగా ఏనుగు మల్లమ్మ కొండ. అదే, అందరూ హార్సిలీ హిల్స్ అంటారే, అది. మామయ్య బతికుండగానే అక్కడ రెండు బోర్లు వేయించారు. తొమ్మిది వందల అడుగులు పోయినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ అప్పు తీర్చడానికే ఆయనకు ఏళ్ళు పట్టింది. కరెంటు స్తంభం చేనికి కిలోమీటరు దూరం.

ఇలాంటి నేలలో బతకొచ్చా అనే అనుమానం తీర్చుకోవడానికి టింబక్టు చూసొచ్చాం. పేరు విని మా అబ్బాయి ఆఫ్రికా అనుకున్నాడు. ఇది అనంతపురం వైపు, చెన్నేకొత్తపల్లి దగ్గర ఉంది. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ళ మిత్రులు 32 ఎకరాల బీడు కొని మొదలుపెట్టారు. నిప్పు పడకుండా, పశువులు మేయకుండా కాపాడుతూ వచ్చేసరికి భూమిలో దాగిన వేర్లు, గింజలు వాటంతటవే లేచాయి. మట్టి ఇళ్ళు, సోలార్ దీపాలు. బి.ఎ.లో తెలుగు చదివినదాన్ని, మట్టి ఇల్లనగానే నాకు కవిత్వం గుర్తుకొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు కారులోనే మనసులో అరుగులు వేసేశాను, ముగ్గులు పెట్టేశాను.

ఆ ఉత్సాహంతో ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ జవాబు అదీ.

రాత్రి భోజనాలయ్యాక నేనే కదిపాను. "ఎందుకత్తమ్మా అంత వద్దంటున్నారు?" అని. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ పాత మట్టి మిద్దె ఎట్లా ఉండేదో, వానకాలం ముందు పైకెక్కి చవుడు మట్టి పోసి తొక్కకపోతే ఎట్లా కారేదో, కట్టెపొయ్యి పొగకు కళ్ళు ఎట్లా మండేవో, రెండు దినాలకొకసారి పేడ తెచ్చి నేల అలికే పని ఎవరిదో.

"కరెంటు లేదు, బోరు లేదు, సిమెంటు లేదు. మీరు ఇప్పుడు గొప్పగా చెప్తా ఉండేదంతా మా ఇంట్లో ఉన్నిందే" అంది. తర్వాత కాసేపు ఆగి, "మీ వదిన ఐదో తరగతి పాసైన ఏడు ఊరిబావి ఎండిపాయె. మామిడితోపు కాడి బావికి పోవాల. నేను కూలికి పోతే గానీ పొయ్యి రాజదు. నీళ్ళకెవురు పోతారు? పాప పోయింది. పొద్దున నాలుగు బిందెలు, మాపటికి నాలుగు. ఇంగ బడికి పోలా. తమ్ముళ్ళు పోయిరి."

మా ఆయన తలెత్తారు. ఆయన డిగ్రీ చదివారు, మరిది ఇంజనీరు. మా వదిన సంతకం పెట్టడం, బస్సు బోర్డు చదవడం వరకే. "అక్కకు చదువు ఎక్కలేదు" అనే ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో అందరూ అనేవాళ్ళు. పెళ్ళై వచ్చిన నేనూ అదే అనుకున్నాను.

"నాకు తెలీదమ్మా" అన్నారు ఆయన.

"నీకెట్ట తెలుస్తుంది నాయనా? నువ్వు బడికి పోతా ఉంటివి."

ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో ఇల్లు కట్టే మాట రాలేదు. మా ఆయన ఆ కాగితాలన్నీ చుట్టి అటక మీద పెట్టేశారు. చివరికి అత్తమ్మే పిలిచింది. "కట్టొద్దనలేదు నేను. మూడు మాటలకు ఒప్పుకొని కట్టుకోండి" అంది.

ఒకటి, పొయ్యిగట్టు మీద కొళాయి ఉండాలి. ఆ ఇంట్లో ఆడదాని చంకన బిందె ఉండకూడదు. రెండు, బాత్రూం, లెట్రిన్ ఇంట్లోనే ఉండాలి. చెంబు పట్టుకొని చీకట్లో కంపల్లోకి పోయే బతుకు మళ్ళీ వద్దు. మూడు, మిక్సీ, గ్రైండరు ఆడాలి. "రోట్లో రుబ్బితే రుచి అనేటోడు వాడే రుబ్బల్ల" అంది మనవడి వైపు చూస్తూ.

తర్వాతెప్పుడో ఒక సంగతి చదివినప్పుడు నాకు అత్తమ్మే గుర్తొచ్చింది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి గారు 1974లో పల్లెల కోసం ఆస్ట్రా అని ఒక విభాగం పెట్టారు. వాళ్ళు కర్ణాటకలో కుణిగల్ దగ్గర పుర అనే చిన్న ఊళ్ళో ముందు పేడ గ్యాసుతో వంట చేయించాలనుకున్నారు. ఊళ్ళో పేడ అందరి వంటకూ చాలలేదు, అది నిలవలేదు. తర్వాత అదే గ్యాసుతో ఇంజను నడిపి, బోరు నీళ్ళు కొళాయిలకు ఎక్కించి, ఇళ్ళల్లో దీపాలు వెలిగించారు. 1987 నుంచి ఆ పని సాగింది. ఊరివాళ్ళు పేడ తెచ్చి ఇచ్చారు. పొయ్యి కంటే ముందు వాళ్ళకు కావాల్సింది ఇంటి ముందుకు నీళ్ళు. ఏది ముందు కావాలో ఇంట్లో పని చేసేవాళ్ళను అడిగితే తెలుస్తుంది.

అందుకే మా ఇంటి ప్లాను వంటింటి నుంచి మొదలైంది. మేస్త్రీ వచ్చినప్పుడు ముందు కూర్చున్నది అత్తమ్మ, నేను.

నీళ్ళ లెక్క మీరూ వేసుకోవచ్చు, సులభం. నూరు చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నూరు లీటర్లు. మా వైపు మామూలు ఏట ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. అందులో ఐదో వంతు ఆవిరికీ, మిద్దె కడగడానికీ పోయినా ఏడాదికి 56 వేల లీటర్లు. అందుకని 40 వేల లీటర్ల సంపు తవ్వించాం. ఐదు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, రెండు లోతు. నలుగురికి తలా యాభై లీటర్లు అనుకుంటే అది రెండు వందల రోజులు వస్తుంది. డిసెంబర్‌లో నిండితే జూలై దాకా. నడుమ మామిడికాయల కాలంలో పడే వానలు మనకు లాభం.

సంపు తవ్విన మట్టితోనే ఇటుకలు. ఎర్రమట్టిలో ఇసుక, నూటికి ఏడెనిమిది పాళ్ళు సిమెంటు కలిపి మిషన్‌లో అదిమితే ఇటుక వస్తుంది. బట్టీలో కాల్చే పని లేదు, కట్టెలు తగలబెట్టే పని లేదు. కానీ మూడు వారాలు తడపాలి. ఎక్కడి నీళ్ళు? ట్యాంకరు నీళ్ళు. నీళ్ళు ఆదా చేసే ఇల్లు కడుతూ ట్యాంకర్ల మీద ట్యాంకర్లు తెప్పించామని నవ్వుకునేవాళ్ళం. ఈ సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెప్తున్నాను. పై కప్పుకు కేరళలో లారీ బేకర్ గారు వాడుకలోకి తెచ్చిన పద్ధతి. స్లాబులో అడుగు భాగం కాంక్రీటు పెద్దగా బరువు మోయదు కాబట్టి, అక్కడ మంగళూరు పెంకులు పేర్చి పైన కాంక్రీటు పోస్తారు. సిమెంటు తగ్గుతుంది, ఎండ వేడీ తగ్గుతుంది. పడిపోయిన పాత కొట్టం పెంకులే వాడాం.

కరెంటుకు రెండు కిలోవాట్ల సోలార్ పలకలు, నాలుగు బ్యాటరీలు. మంచి ఎండలో రోజుకు ఎనిమిది యూనిట్లు వస్తాయి. బ్యాటరీల్లో ఏడు యూనిట్లు పడతాయి గానీ సగం కంటే ఎక్కువ వాడితే అవి తొందరగా చస్తాయి. కాబట్టి ఇంటి పనులకు సూర్యుడే టైం టేబుల్. సంపు మోటారు, గ్రైండరు, ఇస్త్రీపెట్టె పన్నెండు నుంచి మూడు లోపల. రాత్రికి ఫ్రిజ్, లైట్లు, ముప్పై వాట్ల ఫ్యాన్లు. వంట మాత్రం గ్యాస్ సిలిండర్ మీదే. "అమ్మా, ఇది తొండి కదా" అన్నాడు అబ్బాయి. "గోబర్ గ్యాస్ పెట్టు నాయనా, రోజూ పేడ కలిపేది నువ్వే" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఖర్చు తగ్గిందా అని అందరూ అడుగుతారు. గోడల్లో, కప్పులో మిగిలింది సంపులో, బ్యాటరీల్లో పోయింది. ఐదారేళ్ళకు బ్యాటరీలు మళ్ళీ కొనాలి. మొదటి వాననీళ్ళు నేరుగా సంపులోకి వదిలి తప్పు చేశాం. ఆకుల వాసన కొట్టింది, పాములాంటిదేదో వచ్చిందని అబ్బాయి ఒకటే కేకలు. చూస్తే తుంగదారం. ఇప్పుడు మొదటి పావుగంట వాన పక్కకు, తోటలోకి. తర్వాతిదే సంపులోకి, అదీ ఇసుక, గులకరాళ్ళ తొట్టి దాటాకే.

ఉండి చూస్తే నాకు తెలిసింది ఒకటి. ఉప్పు ఎంత, నూనె ఎంత, నెలాఖరుకు ఏం మిగులుతుంది అని ఇన్నేళ్ళూ లెక్క చూసింది ఇంట్లో నేనొక్కదాన్నే. బోరు నీళ్ళు, లైను కరెంటు ఉన్న ఇంట్లో మిగతావాళ్ళకు ఆ అవసరం లేదు, బిల్లు కడితే చాలు. ఇక్కడ అందరికీ లెక్క వచ్చింది. మా ఆయన పొద్దున్నే గుర్తులు గీసిన కర్రతో సంపు లోతు కొలిచి నోటు బుక్కులో రాస్తారు. తుపాను ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే, ఫ్రిజ్ ఆపేద్దామా, ఎవరి గదిలో ఫ్యాను ఆపుదాం అని నలుగురం కూర్చొని మాట్లాడుకుంటాం. అత్తమ్మ తన ఫ్యాను మాత్రం ఆపనివ్వదు. మేమూ అడగం.

గృహప్రవేశం నాటి సంగతొకటి చెప్పి ముగిస్తాను. 2024 మాఘమాసంలో చేసుకున్నాం. ఎక్కువమందిని పిలవలేదు. పుంగనూరు నుంచి వదిన వచ్చింది. ఆవు లోపలికి వెళ్ళాక, ఇంటి ఆడపడుచు నిండు బిందెతో గడప దాటాలని అయ్యవారు చెప్పారు. ఇత్తడి బిందెకు పసుపు కుంకుమ పెట్టి, నీళ్ళు నింపి ఉంచాను. వదిన కొంగు దోపుకొని వంగింది. మా ఆయన గబుక్కున ముందుకొచ్చి, "అక్కా, నువ్వు దీపం పట్టుకో. బిందె నేను ఎత్తుకుంటా" అన్నారు.

"శాస్త్రం ఒప్పుకుంటుందా?" అని ఎవరో నవ్వారు. అయ్యవారు కాసేపు ఆలోచించి, "నిండుగా ఉంటే చాలు లేండి" అన్నారు. మా ఆయన కొత్త పంచెలో, బిందె భుజాన పెట్టుకొని, సగం నీళ్ళు మీద పోసుకుంటూ గడప దాటారు. అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు.

పాలు పొంగాక వదిన వంటింట్లోకి వచ్చి పొయ్యిగట్టు మీది కొళాయి తిప్పింది. నీళ్ళు రాగానే వృథా అవుతాయని చటుక్కున కట్టేసింది. అత్తమ్మ వెనక నుంచి అంది, "తిప్పుకో పాపా. ఇంకొంచేపు పోనీ."