రెండొందల యాభై రూపాయల జాగా

మా నాయనకు సర్కారు ఎకరం డి.కె. పట్టా ఇచ్చింది. ఆ రోజుల్లో దాన్ని దున్నుకోవచ్చు, అమ్ముకోకూడదు, కావాలంటే వాళ్లు వెనక్కి తీసుకోవచ్చు, అదీ షరతు. ఇంటర్నెట్లో ఊరికే ఇచ్చే బ్లాగు కూడా అంతేనని 2016లో నాకు తెలిసొచ్చింది. మా పెదనాన్న రాతలు పెట్టిన బ్లాగు ఒక పొద్దున తెరిస్తే లేదు. ఎవరో ఫిర్యాదు చేశారట. ఏ మాట మీదో చెప్పలేదు. పోయి అడుగుదామంటే గడపా లేదు, మనిషీ లేడు.

పెదనాన్న మూడో తరగతి దాకా చదివాడు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు, చీరాలకు పారిపోయి వచ్చినవాళ్ల శిబిరానికి మా పల్లె నుంచి బియ్యం మోసుకుపోయిన వాళ్లలో ఆయనొకడు. అదంతా నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. పత్రికలకు పంపితే వేసుకోలేదు, కాయితాలు తిప్పి పంపనూ లేదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. 2012 డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చాక కంప్యూటరు కొన్నాను. రేషను కార్డులో తప్పుల దగ్గర్నుంచి పిల్లల హాల్ టికెట్ల దాకా పల్లె పనులన్నీ దాని మీదే. పెదనాన్న రాతలు టైపు కొట్టిందీ దాని మీదే.

"ఊరికే వచ్చింది ఊరికే పోయింది. పోనీలేరా, డబ్బులు పెట్టి కొందాం" అన్నాడాయన.

కొన్నాం. డొమైను పేరు కోసం ఫారం నింపుతుంటే అందులో కులం గడి లేదు. పేరు, అడ్రసు, ఫోను, ఈమెయిలు, అంతే. ఒకటో తరగతి నుంచి నేను నింపిన ఫారాలన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. అడ్రసు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. 'ఎస్సీ కాలనీ' అని రాయాలి గదా! గడి లేకపోయినా కులం వచ్చి కూర్చుంది. పైగా ఆ రోజుల్లో ఆ అడ్రసు ఎవరు వెతికినా కనపడేది. 2018లో యూరప్ వాళ్ల చట్టం అమల్లోకి వచ్చాక గానీ చాలా డొమైన్లకు ఆ వివరాలు దాచిపెట్టలేదు.

మొదటి ఏడు చవగ్గా ఇచ్చిన హోస్టింగు కంపెనీ రెండో ఏడు మూడింతలు అడిగింది. 2018 జులై నుంచి మా సైటు తెరిస్తే చాలు, పైన 'సురక్షితం కాదు' అని క్రోమ్ చూపించడం మొదలుపెట్టింది. ఆ మాట పోవాలంటే సర్టిఫికెట్టు కొనాలి, ఏడాదికి ఇంకో వెయ్యి అన్నాడు కంపెనీవాడు. మైల అన్నవాడే శుద్ధికి దక్షిణ అడిగినట్టు అనిపించింది. బ్రౌజరువాడు వేరు, కంపెనీవాడు వేరు అని నాకు తెలుసు. ఒళ్లు మండినప్పుడు ఆ తేడాలు ఎక్కడ గుర్తుంటాయి? అదే సర్టిఫికెట్టును లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ అప్పటికి రెండేళ్లుగా అందరికీ ఉచితంగా ఇస్తోందని తర్వాత తెలిసింది. అప్పట్లో తొంభై రోజుల్లోపు కొత్తది తీసుకోవాల్సి వచ్చేది, ఆ పని సర్వరే చేసుకునేది. మాకు చెప్పినవాడు లేడు.

2019 దసరా సెలవుల్లో కూర్చుని నేర్చుకున్నాను. నెలకు 5 డాలర్లకు ఒక చిన్న సర్వరు అద్దెకు దొరికింది. 1 జీబీ మెమరీ, 25 జీబీ జాగా. పన్నుతో కలిపి ఏడాదికి దాదాపు 5 వేలు. మా బ్లాగులు రోజుకు యాభై మంది చదివితే గొప్ప, అలాంటివి ఇరవై అందులో హాయిగా సర్దుకుంటాయి. మనిషికి 250 రూపాయలు, డొమైను ఖర్చు ఎవరిది వాళ్లదే. హాస్టలు రోజుల గురించి రాసే నర్సమ్మ వచ్చింది. పెళ్లిళ్లకు పోయే డప్పు దళం వచ్చింది, వాళ్లకు ఫోను నెంబరూ నాలుగు ఫొటోలూ ఉంటే చాలు. చెప్పులు కుట్టే మా మేనమామ, విద్యార్థి పత్రిక నడిపే పిల్లలు, ఇట్లా పద్నాలుగు మంది పోగయ్యారు. మిగతా ఆరుగురివీ నేనే వేసుకున్నాను. 1964 నాటి సర్వీసు ప్రవర్తనా నియమాల ప్రకారం ప్రభుత్వోద్యోగి వ్యాపారం చెయ్యకూడదు. అందుకని లాభం మాటే లేదు, లెక్కల పుస్తకం నర్సమ్మ దగ్గర పెట్టాం.

"ఏం మాస్టారూ, కంపెనీ పెట్టారంట! సర్వర్లకు కూడా రిజర్వేషన్ ఇస్తున్నారా?" అన్నాడు స్టాఫ్ రూములో ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అట్లా నవ్వినందుకు ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

నా చేతుల్తో నేనే ఒక ఘోరం చేశాను. పెదనాన్న సైటును పాత కంపెనీ నుంచి మార్చేటప్పుడు డేటాబేసు నకలు తీశాను. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి. నకలు తీసేచోట లాటిన్ అక్షరాలని ఉన్నదాన్ని మార్చాలని నాకు తెలియదు. గడువు అయిపోతుందని పాత ఖాతా మూసేశాను. కొత్త సర్వరులో తెరిస్తే తేదీలున్నాయి, ఇంగ్లీషు ముక్కలున్నాయి. తెలుగున్న చోటల్లా ప్రశ్నగుర్తులు. పేజీల కొద్దీ ప్రశ్నగుర్తులు.

పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మన అక్షరాలే దానికి పడలేదంట్రా?" అన్నాడు.

నోటుపుస్తకాలు తీస్తే, చీరాల సంగతులున్న దానికి చెద పట్టింది. బ్లాగు పోయినప్పుడు నా కంప్యూటరులో మిగిలిన టైపు పనికొచ్చింది గానీ, ఆ తర్వాత రాసినవన్నీ ఆయన చెబుతుంటే నేను నేరుగా సైటులోనే కొట్టినవి. ఇప్పుడు సర్వరు మొత్తానికీ రోజూ రాత్రి ఒక నకలు మా ఇంటికి, ఒకటి నర్సమ్మ ఇంటికి వస్తుంది. ఆనాడు లేదు.

మళ్లీ చెప్పమన్నాను. నులక మంచం మీద కూర్చుని నెల రోజులు చెప్పాడు. ఒకరోజు మధ్యలో ఆగాడు. మొదటి రోజు బియ్యం మూటతో సగం దారి పోయి, ఎదురుగా జీపు దీపాలు కనపడితే మూట తుమ్మచెట్ల కింద పడేసి ఇంటికి పరిగెత్తాడంట. తెల్లారి మళ్లీ పోయి, మూట ఎత్తుకుని శిబిరానికి చేరాడంట. ఇది నోటుపుస్తకంలోనూ లేదు, పాత బ్లాగులోనూ లేదు. పెద్దమ్మక్కూడా తెలియదు.

"ఇది కూడా పెట్టమంటావా పెదనాన్నా?" అన్నాను.

"అద్దె కట్టామా?"

"కట్టాం."

"అయితే పెట్టు."