అవేం మాటలమ్మా!

దసరాకి వచ్చినప్పుడు మా అమ్మాయి ఒక పుస్తకం నా చేతిలో పెట్టింది. తెరిస్తే అన్నీ బొమ్మలే. "ఈ వయసులో నాకు బొమ్మల పుస్తకమేమిటే, చందమామలాగా?" అన్నాను. "చదివి చెప్పమ్మా" అంది.

రోజ్ చాస్ట్ అనే అమెరికన్ కార్టూనిస్టు 2014లో వేసిన సొంత కథ అది. తొంభై దాటిన అమ్మానాన్నల చివరి రోజుల గురించి. "ఇంకేదైనా మంచి సంగతి మాట్లాడుకోకూడదా?" అన్నట్టుంటుంది పుస్తకం పేరు. చావు మాట ఎత్తితే ఆ ఇంట్లో అందరూ తప్పించుకునేవాళ్ళే.

నాకు గుండె కలుక్కుమంది. పోయే ముందు ఏడాది మా అమ్మ బియ్యం ఏరుతూ, "నా గాజులు చిన్నదానికివ్వు, ఆ వంగపండు రంగు పట్టుచీర..." అని మొదలుపెట్టింది. "శుభమా అని పండక్కి పిల్లలొస్తుంటే అవేం మాటలమ్మా!" అని కసిరాను. మళ్ళీ ఎత్తలేదు. ఆ చీర గురించి ఏం చెప్పబోయిందో ఇప్పటికీ తెలీదు.

నాకు ఆత్మకథలు కొత్త కాదు. కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' రెండుసార్లు చదివాను. చదువుతున్నంతసేపూ ఆవిడ గొంతు వినిపించింది కానీ, ముఖం మాత్రం మా అమ్మమ్మదే పెట్టుకున్నాను. దుఃఖం ఆగనిచోట పుస్తకం మూసి, పొయ్యి మీద పాలు చూసొచ్చి, మళ్ళీ తెరిచేదాన్ని.

ఈ బొమ్మల పుస్తకం మొదట్లో నవ్వించింది. తల్లిదండ్రుల ఇల్లు ఖాళీ చేస్తుంటే సొరుగులో సీసా మూతలు, పాత కళ్ళజోళ్ళు. వాటి ఫొటోలే పెట్టేసిందావిడ. అచ్చం మా అమ్మ అటకే! చకచకా పేజీలు తిప్పుతుంటే, చివర్లో కార్టూన్లు ఆగిపోయాయి. మంచం మీద తల్లి. పక్కన కూర్చుని కూతురు గీసిన ముఖాలు. మాటలు దాదాపు లేవు. ఇక్కడ నేను వేరే ముఖం పెట్టుకోవడానికి లేదు.

అమ్మ చివరి వారమంతా పక్కనే ఉన్నాననుకునేదాన్ని. జావ కాచాను, దుప్పట్లు ఉతికాను, ఫోన్లకి జవాబు చెప్పాను. ఊరికే కూర్చుని ఆ ముఖం చూసిందెంతసేపు?

రెండింటిలో ఏది గొప్పంటే చెప్పలేను. కోటేశ్వరమ్మగారు అన్నేళ్ళపాటు మనసులో దాచుకున్నది బొమ్మల్లో ఇమడదు. ఆ తల్లి ముఖం ఎన్ని పేజీలు రాసినా అక్షరాల్లో ఇమడదు.

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. నిన్న మధ్యాహ్నం తమలపాకు తుడుస్తూ, "నా తర్వాత ఆ ఇత్తడి గుండిగ..." అన్నారు. "అవేం మాటలు" అని నోటిదాకా వచ్చింది. మింగేసి, పక్కన చాప మీద కూర్చున్నాను.

"ఎవరికిద్దాం అత్తయ్యా?" అన్నాను.

గంటసేపు చెప్పారు. ఆవిడ ముఖం చూస్తూ విన్నాను.