నడవమంటే ఎక్కడ నడవాలి?

“రోజూ అరగంట నడవండి” అని చెప్పడం డాక్టర్లకు తేలికే. “ఎక్కడ నడవమంటారు?” అని మీరు అడిగినప్పుడే చిక్కు.

అడవి అంచున ఉన్న ఖమ్మం, భద్రాచలం వాళ్ళకు నడవడానికి చోటు కరువా అనుకోకండి. రోడ్డెక్కితే బొగ్గు లారీలు, ఇసుక లారీలు. సందులోకి వెళ్తే కుక్కలు. మధుమేహం ఉన్న ఒక పెద్దాయన నాలుగు రోజులు నడిచి మానేశారు. “మోకాళ్ళు బాగానే ఉన్నాయండీ, వెనకనుంచి హారను మోగితేనే గుండె ఆగిపోతోంది” అన్నారు. ఆయనకు కావలసింది మరో మాత్ర కాదు, భయంలేని దారి.

న్యూయార్కులో అలాంటి దారి ఒకటుంది. 1934లో వీధులకు ముప్పై అడుగుల ఎత్తున, స్తంభాల మీద సరుకుల రైళ్ళకోసం వేసిన మార్గం అది. 1980లో చివరి రైలు నడిచాక పాడుబడింది. కూల్చేస్తామంటే 1999లో ఇద్దరు స్థానికులు సంఘం పెట్టి పట్టుబట్టారు. 2009నుంచి అది ఉద్యానవనం. దాదాపు 2.3 కిలోమీటర్లు రోడ్డు దాటే పని లేకుండా నడవవచ్చు. సైకిళ్ళకూ, కుక్కలకూ ప్రవేశం లేదు. పారిస్‌లో ఇలాంటిదే 1993 నాటికే సిద్ధమయింది.

మనకు అంత ఎత్తు రైలుమార్గాలు లేకపోవచ్చు, కట్టలున్నాయి. ఖమ్మం వారికి లకారం చెరువు కట్ట ఉంది. భద్రాచలం వారికి కరకట్ట ఉంది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు పెరిగి ఊరిని ముంచిన తర్వాత రక్షణకోసం కట్టినది అది. వరదను ఆపడానికి వేసిన కట్ట మీ రక్తపు పోటును కూడా అదుపులో పెట్టగలదు.

అయితే కొన్ని జాగ్రత్తలు పాటించండి. వారానికి 150 నిమిషాల నడక చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. మన ఎండలు తెలిసినవే. వేసవిలో ఏడు గంటలలోపే ఇల్లు చేరండి. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకండి, ఇంటికి రాగానే పాదాలు చూసుకోండి. నడకలో ఛాతీ పట్టేసినట్లుంటే వెంటనే ఆగిపోండి, ఆలస్యం చేయక డాక్టరును కలవండి. గోదావరి 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక వెలువడితే కరకట్టవైపు పోవద్దు. ఆ రోజులకు వరండా చాలు.

మీ ఊళ్ళోనూ వాడకం తప్పిన కట్టో, పాత బాటో ఉండే ఉంటుంది. పదిమంది కలిసి మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి. నాలుగు చెట్లు, రెండు బెంచీలు, ఒక దీపం, ఆడవాళ్ళకు ఒక మరుగుదొడ్డి అడగండి. అవి వచ్చేదాకా ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి నడవండి. రేపు ఉదయమే మొదలుపెట్టండి.